రొయ్య వలిచే చేతికి లెక్క తెలియాలి
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగ పాఠం)



నేను చదివింది పదో తరగతి వరకేనండి. మైకు ముందు మాట్లాడటం అలవాటు లేదు. మన గ్రామ సంఘంలో నెలకోసారి చెప్పుకునే మాటలే ఇక్కడా చెప్పమన్నారు కాబట్టి ధైర్యం చేశాను. తప్పులుంటే సర్దుకోండి. నాకిచ్చిన విషయం "సముద్రపు సరుకు, మన ఆడవాళ్ల ఉపాధి". ఇది నేను పుస్తకంలో చదువుకున్న విషయం కాదు, నా చేతులతో చేసిన పని. అందుకని నా చేతుల దగ్గర నుంచే మొదలుపెడతాను.

పదో తరగతి పరీక్షలు రాసిన వేసవిలో మా అమ్మ నన్ను రొయ్యల షెడ్డుకి పంపింది. తెల్లారగట్ట నాలుగున్నరకి ఊరి సెంటర్లో కంపెనీ బస్సు ఆగేది. ఎక్కేవాళ్ళం అందరం ఆడవాళ్ళమే. షెడ్డులో ఐసు నీళ్ళల్లో ఉన్న రొయ్య తీసి తలకాయ తుంచాలి, పొట్టు వలవాలి, వీపు మీద చీరి నల్ల నరం లాగాలి, మళ్ళీ ఐసులో వెయ్యాలి. సాయంత్రానికి వేళ్ళు తెల్లగా నానిపోయి, కణుపుల దగ్గర పగుళ్ళు వచ్చేవి. ఇంటికొచ్చి అన్నంలో పచ్చడి కలుపుకుంటే మంట. గ్లౌజులు ఇచ్చేవారు గానీ, అవేసుకుంటే చెయ్యి ఆడదు, చెయ్యి ఆడకపోతే కిలోలు పడవు, కిలోలు పడకపోతే కూలి రాదు. ఇక్కడున్న సగం మంది చేతులకి నేనేం చెప్తున్నానో తెలుసు.

ఇప్పుడు ఆ రొయ్య ఎక్కడికెళ్తుందో చూద్దామండి. మన కోనసీమకి ఒక పక్క గౌతమి, ఒక పక్క వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. కొబ్బరి, వరి మన పెద్దల కాలం నుంచీ ఉన్నవే. ఉప్పునీటి పక్కన రొయ్యల చెరువులు తవ్వడం మాత్రం మన కళ్ళ ముందు పెరిగిందే. ముందు టైగరు రొయ్య వేశారు. 1990ల మధ్యలో తెల్లమచ్చ జబ్బు వచ్చి చెరువులకి చెరువులు తుడిచిపెట్టుకుపోయాయి. 1996 నవంబరు 6న తుఫాను వచ్చి బలుసుతిప్ప, భైరవపాలెం వైపు ఎన్ని కుటుంబాల్ని తీసుకుపోయిందో పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని ఏడుస్తారు. తరవాత 2009లో వెనామీ రొయ్య పెంచుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. అక్కడి నుంచి మళ్ళీ చెరువులు, ఐసు ఫ్యాక్టరీలు, మేత డిపోలు, లారీలు, షెడ్లు వచ్చాయి.

ఇవాళ దేశంలో రొయ్యల పెంపకంలో మన ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. 2024–25లో మన దేశం నుంచి సుమారు 17 లక్షల టన్నుల చేపలు, రొయ్యలు బయట దేశాలకి వెళ్ళాయి. వాటి విలువ 62 వేల కోట్ల రూపాయల పైమాటే. అందులో మూడింట రెండొంతుల కన్నా ఎక్కువ డబ్బు గడ్డకట్టించిన రొయ్య ఒక్కదాని మీదే వచ్చింది. ఎక్కువగా కొనేది అమెరికా.

అక్కా, ఆలోచించండి. చెరువులోంచి తీసిన రొయ్యని ఉన్నదున్నట్టు ఓడ ఎక్కించరు కదా. తల తీసి, వలిచి, సైజుల వారీగా వేరుచేసి, కడిగి, గడ్డకట్టించి, పెట్టెల్లో పెడితేనే దానికి ఆ ధర. వంద కిలోల రొయ్య తెస్తే తల తీసేసరికి అరవై, అరవై ఐదు కిలోలు మిగుల్తుంది. పొట్టు కూడా తీస్తే యాభైకి అటూ ఇటూ. తీసేసిన తల, పొట్టు కూడా వృథా కాదండి. కోళ్ళ మేతకీ, చేపల మేతకీ పోతుంది. దాంట్లోంచి చిటిన్, చిటోసాన్ అనే పదార్థాలు తీసి మందులకీ, పంటలకీ వాడతారు. అంటే మనం కింద పారేసేదానికి కూడా ధర ఉంది. వలిచే చెయ్యికే ఇంకా సరైన ధర రాలేదు.

ఇది మనకి కొత్త కథ కాదు. పంటు ఎక్కి వశిష్ఠ దాటితే నర్సాపురం. మన అమ్మమ్మలు అరుగుల మీద కూర్చుని అల్లిన లేసు ఎన్ని దేశాలు వెళ్ళిందో లెక్కలేదు. అల్లినావిడకి కండెకింత అని ఇచ్చి పంపేసేవారు. అదేమంటే "ఖాళీగా కూర్చుని అల్లుకునేదే కదా" అనేవారు. ఇప్పుడు మనల్ని "నాలుగు రొయ్యలు వలుచుకొస్తుంది" అంటున్నారు. పని పేరు మారింది, మాట మారలేదు. ఆ నాలుగు రొయ్యల మీదే పిల్లల ఫీజులు, గ్యాసు బండ, పొదుపు, బ్యాంకు వాయిదా అన్నీ నడుస్తున్నాయని ఆ అన్నవాళ్ళకీ తెలుసు.

ఇక మన మీద పడ్డ దెబ్బ గురించి. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం మన సరుకు మీద సుంకం వేసింది. 7వ తారీఖున పాతిక శాతం, 27వ తారీఖు నుంచి ఇంకో పాతిక, మొత్తం యాభై. రొయ్య మీద అంతకుముందే ఉన్న వేరే సుంకాలు దీనికి అదనం. ఎక్కడో అమెరికాలో సంతకం పెడితే మనకేంటి అనుకున్నాం. పది రోజులు తిరక్కుండానే తెలిసింది. కౌంటు ధర పడిపోయింది. రైతు చెరువు పట్టడం వాయిదా వేశాడు. పట్టకపోతే షెడ్డుకి సరుకు రాదు. మా ఊళ్ళో వారానికి ఆరు రోజులు వచ్చే బస్సు రెండు రోజులు, మూడు రోజులు రావడం మొదలైంది. రైతుకి నష్టం వస్తే పేపర్లో రాశారు, రాయాల్సిందే. బస్సు రాని రోజు మన కూలి పోయిన సంగతి మాత్రం ఎక్కడా రాయలేదండి.

మా సంఘంలో ఏం జరిగిందో దాచకుండా చెప్తాను. మేం పదకొండు మందిమి. బ్యాంకు లింకేజీ అప్పు నడుస్తోంది. సెప్టెంబరులో ఒక చెల్లి వాయిదా కట్టలేదు. అక్టోబరులోనూ కట్టలేదు. సంఘం వాయిదా తప్పితే సున్నా వడ్డీ పోతుంది, రేపు పెద్ద అప్పు రాదు, అది మనందరికీ తెలుసు. మీటింగులో గొడవైంది. "ఆవిడ కోసం మేమెందుకు కట్టాలి" అన్నారు. లీడర్ని కదా అని నేను వాళ్ళింటికి వెళ్ళి, గుమ్మంలోనే నిలబడి, నలుగురూ వినేలా గట్టిగా అడిగేశాను. ఆ చెల్లి ఏమీ అనలేదు. రెండు చేతులూ ముందుకి చాపి చూపించింది. పని లేక ఆ చేతుల పగుళ్ళు మానిపోయి ఉన్నాయి. జీవితంలో మొదటిసారి పగుళ్ళు లేని చేతులు చూస్తే నాకు భయం వేసిందండి.

తరవాత రెండు మీటింగులకి ఆవిడ రాలేదు. తప్పు నాది. అప్పు అడగడం తప్పు కాదు, అడిగిన తీరు తప్పు. ఆ మాట మీటింగులోనే ఒప్పుకున్నాను. మళ్ళీ వెళ్ళి, ఈసారి లోపల కూర్చుని మాట్లాడాను. అందరం కలిసి తీర్మానం రాసుకున్నాం: రెండు వాయిదాలు సంఘం పొదుపులోంచి కట్టేది, ఆవిడ చిన్న మొత్తాలుగా పది నెలల్లో సంఘానికి తీర్చేది. బ్యాంకులో మా సంఘం పేరు నిలబడింది. అంతకన్నా ముఖ్యం, పదకొండో మనిషి నిలబడింది.

ఆ రోజే ఒక మాట అనుకున్నాం. ఒక్క బస్సు మీద, ఒక్క దేశం మీద మన పొయ్యి వెలగకూడదు. రెండో దారి ఉండాలి. మన దగ్గర ఉన్న రెండో దారి ఏంటంటే ఎండుచేప.

ఎండుచేప అంటే చిన్నచూపు చూడకండి. నెత్తళ్ళు, కవళ్ళు, సావిడాయిలు, కానాగంతలు, రొయ్యపొట్టు ఇవన్నీ మన అత్తగార్లు ఎప్పటి నుంచో ఎండబెడుతున్నవే. పడవ ఒడ్డుకొచ్చి పాట పాడేటప్పుడు వంజరం, చందువ, పండుగప్ప పెద్ద వ్యాపారులు పట్టుకుపోతారు. మిగిలిన చిన్న చేపని ఎండబెట్టి, తట్టలో పెట్టుకుని, పంటు దాటి నర్సాపురం, ఇటు రాజోలు, మలికిపురం, అమలాపురం సంతలకి మోసినవాళ్ళు ఆడవాళ్ళే. పులస వచ్చిన నాలుగు రోజులూ పేపర్లో ఫోటోలు వేస్తారు. చీరమీను వచ్చే కార్తీకం ముందు రోజుల్లో చీరలు పట్టుకుని ఏట్లో దిగేది ఊరంతా చూస్తుంది. ఏడాది పొడుగునా ఇంట్లో కూర లేని రోజు ఆదుకునేది మాత్రం ఎండుచేపే. కొండల వైపు ఏజెన్సీ సంతల్లో కూడా మన ఎండుచేపకి గిరాకీ ఉంది.

అయితే మేం మొదట్లో చేసింది నష్టమేనండి. అది కూడా చెప్తాను, మీకు పనికొస్తుంది. పది కిలోల నెత్తళ్ళు కిలో అరవై చొప్పున కొన్నాం, ఆరొందలు. ఉప్పు, ఐసు, ఆటో కలిపి ఇంకో వంద. మొత్తం ఏడొందలు. ఎండేసరికి రెండున్నర కిలోలు తేలింది. వ్యాపారి కిలో రెండొందల యాభై అన్నాడు. అరవైకి కొన్నది రెండొందల యాభైకి పోతోందని సంబరపడి ఇచ్చేశాం. లెక్క వేస్తే చేతికొచ్చింది ఆరొందల పాతిక. డెబ్భై ఐదు రూపాయలు పోయాయి, మా కష్టం కాకుండా! ఎండితే చేప నాలుగో వంతుకి వస్తుందన్న మాట నోటికి తెలుసు గానీ పుస్తకంలో రాయలేదు. రాసుంటే కిలో రెండొందల ఎనభై అసలు ఖర్చని ముందే తెలిసేది. అప్పటి నుంచి మాకో నియమం: కొన్నది, ఖర్చు, ఎండాక తూకం, అమ్మింది, ఈ నాలుగూ రాయకుండా సరుకు గడప దాటదు.

రెండో దెబ్బ రొయ్యల పచ్చడిలో తగిలింది. నలభై సీసాలు కట్టాం. పదిహేను రోజులకి పైన బూజు. కారణం ఏంటంటే రొయ్యలో నీరు పూర్తిగా పోయేదాకా వేయించలేదు, వేడి మీదే మూత పెట్టేశాం. ఆవిరి నీరై మూతకి పట్టి, ఆ నీరు పచ్చడిలో పడింది. ఇప్పుడు రొయ్య బాగా ఎర్రగా వేగి నూనె తేలేదాకా ఆగుతున్నాం. పూర్తిగా చల్లారాకే నిమ్మరసం కలుపుతున్నాం. సీసా కడిగి ఎండలో పెట్టి, పచ్చడి మీద నూనె నిలిచేలా పోస్తున్నాం. చెడిపోయిన సీసాలు కొన్నవాళ్ళ ఇళ్ళకి మేమే వెళ్ళి వెనక్కి తెచ్చి, డబ్బులిచ్చేశాం. పోయిన డబ్బు కన్నా ఆ నడక కష్టమనిపించింది. కానీ ఆ ఇళ్ళవాళ్ళే ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నారు.

ఎండబెట్టే తీరు కూడా మార్చుకోవాలండి. ఇసకలో ఎండబెడితే ఇసక, ఈగ, కుక్క, కాకి అన్నీ వాటా అడుగుతాయి. నడుమెత్తు కర్రలు పాతి, వెదురు తడిక మీద వల పరిచి ఎండబెడితే కింద నుంచీ గాలి తగిలి తొందరగా ఎండుతుంది. పెద్ద చేప అయితే పొట్ట చీరి శుభ్రంగా కడిగి, మూడు నాలుగు కిలోలకి ఒక కిలో చొప్పున మంచి ఉప్పు పట్టించాలి. ఈగలు వాలకూడదని పురుగుమందు చల్లడం మాత్రం ఎవరూ, ఎప్పుడూ చెయ్యొద్దు. అది తినేది మన పిల్లలే. మా తడికలు 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటినప్పుడు ఎగిరిపోయాయి. కరెంటు లేక ఐసు కరిగిపోయింది. మళ్ళీ కట్టుకున్నాం. ఈసారి విప్పి లోపల పెట్టుకునేలా కట్టుకున్నాం.

రెండో దారి అన్నానని షెడ్డు పని మానేద్దామనడం లేదు. ఆ పని ఉండాలి, మర్యాదగా ఉండాలి. 2024లో అమెరికా పత్రికల్లో మన రాష్ట్రపు రొయ్యల షెడ్లలో పనివాళ్ళ కష్టాల గురించి రాశారు. కొనేవాళ్ళు కూడా ఇప్పుడు రొయ్యలో మందులు ఉన్నాయా అనే కాదు, వలిచినవాళ్ళని ఎలా చూస్తున్నారు అని కూడా అడుగుతున్నారు. మనం అడిగేది గొంతెమ్మ కోరికలు కాదండి. కాటా మనకి కనపడేలా పెట్టాలి. నేను పనిచేసిన ఒక చోట పది కిలోల టబ్బుకి నీళ్ళ బరువని ఒక కిలో తీసేసేవారు. పది టబ్బులు వలిస్తే ఒక టబ్బు కష్టం ఉత్తిపుణ్యానికి పోయేది. అడిగితే మేస్త్రి "రేపట్నుంచి బస్సు ఎక్కొద్దు" అనేవాడు. నేనొక్కదాన్నే అడిగాను కాబట్టి అలా అన్నాడు. పదిమంది కలిసి అడిగిన రోజున కాటా తిప్పి పెట్టారు. ఆ పదిమందీ ఒకే డ్వాక్రా సంఘం వాళ్ళు. సంఘం అప్పు కోసమే అనుకునేవాళ్ళకి ఈ మాట గుర్తుండాలి.

కూలి ఇచ్చినట్టు చీటీ అడగండి. ఇ.ఎస్.ఐ. నంబరు వచ్చిందా, పి.ఎఫ్. కోస్తున్నారా, కోస్తే ఖాతాలో పడుతోందా అడగండి. పదిమంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట ఆడవాళ్ళ ఫిర్యాదులు వినడానికి కమిటీ ఉండాలని 2013లోనే చట్టం వచ్చింది. ఆ కమిటీలో ఎవరున్నారో అడగండి. అసంఘటిత పనివాళ్ళకి ఈ-శ్రమ్ కార్డు ఉంది. ఏడాదికి 20 రూపాయలు కడితే రెండు లక్షల ప్రమాద బీమా ఉంది. మన సంఘాల్లో ఇది లేని మనిషి ఒక్కరు కూడా ఉండకూడదు.

ఇంకో మాట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది మంచిదే. ఆ రోజులకి పడవ మీద వెళ్ళే మత్స్యకారుడికి ఇచ్చే సాయం 2025లో 20 వేలు చేశారు, సంతోషం. కానీ చేప ఒడ్డుకి రాకపోతే దాన్ని ఎండబెట్టి అమ్మే ఆడదానికి కూడా 61 రోజులు పని ఉండదు కదండీ. ముఖ్యంగా భర్త పోయి, తట్ట మీదే బతుకుతున్న ఆడవాళ్ళు మన ఊళ్ళల్లో ఎంతమంది! తమిళనాడులో మత్స్యకార మహిళలకి విడిగా పొదుపు–సహాయ పథకం ఉంది. వాళ్ళు కొంత దాచుకుంటే ప్రభుత్వం కొంత కలిపి, పని లేని నెలల్లో ఇస్తుంది. కేరళలో మత్స్యకార మహిళల కోసమే ఒక ప్రభుత్వ సంస్థ ఉండి, చిన్న చిన్న యూనిట్లు పెట్టిస్తోంది. మనకీ అలాంటిది కావాలని సమాఖ్య తరపున తీర్మానం పంపాలని నా మనవి.

ఉన్న పథకాలు కూడా వాడుకుందాం. మత్స్య సంపద యోజనలో ఆడవాళ్ళకి అరవై శాతం దాకా సబ్సిడీ ఉంది. ఐసు పెట్టెలు, బండ్లు, ఎండబెట్టే యూనిట్లు అందులో వస్తాయి. ఆహార పదార్థాలు తయారుచేసే సంఘాల సభ్యులకి ఒక్కొక్కరికి 40 వేల వరకు మూలధనం ఇచ్చే కేంద్ర పథకం ఉంది, దాంట్లోనే యంత్రాలకి 35 శాతం సబ్సిడీ కూడా. సబ్సిడీ ఉంది కదా అని ముందే యంత్రం కొనకండి. ముందు చిన్నగా చెయ్యండి, మూడు నెలల లెక్క చూసుకోండి, అప్పుడు బ్యాంకుకి వెళ్ళండి. లెక్కల పుస్తకం చూపించిన సంఘానికి మేనేజరు గారు కుర్చీ వేస్తారు. (మేనేజరు గారూ, నవ్వుతున్నారు, గుర్తుపెట్టుకుంటానండి!)

చివరగా ఈ మహాసభ ముందు మూడు కోరికలు పెడుతున్నాను. ఒకటి, తీరంలో ఉన్న ప్రతి గ్రామ సంఘానికీ చేపలు ఎండబెట్టుకోవడానికి కొంత స్థలం, మంచినీటి కుళాయి, ఒక నీడ చూపించమని పంచాయతీలని అడుగుదాం. రెండు, షెడ్డుకి వెళ్ళే ఆడవాళ్ళ పేర్లు, పని రోజులు, కూలి మన వి.ఓ. పుస్తకంలోనే రాసుకుందాం. పని పోయినప్పుడు "ఎంతమందికి పోయింది" అని ఎవరైనా అడిగితే మన దగ్గర కాగితం ఉండాలి. మూడు, పని తగ్గిన నెలల్లో వాయిదా కట్టలేని సభ్యురాలిని ముందు వినాలి, తరవాతే అడగాలి. ఇది నేను నేర్చుకున్న పాఠం, మీరు నాలాగా తప్పు చేసి నేర్చుకోనక్కర్లేదు.

ఆ రోజు చేతులు చూపించిన చెల్లి ఇవాళ ఈ సభకి వచ్చింది. బయట స్టాలులో నెత్తళ్ళు, రొయ్యపొట్టు పొట్లాలు పెట్టుకుని కూర్చున్నది ఆవిడే. వెళ్ళేటప్పుడు కొనండి. బేరం ఆడకండి, ధర లెక్క కట్టే పెట్టింది. కావాలంటే పుస్తకం చూపిస్తుంది.